కారు బ్యాటరీ రోడ్డు మీద కొనకండి

2019 మే నెల. మా నాన్నగారిని హైదరాబాద్‌లో డాక్టరుకి చూపించి బెజవాడ తిరిగొస్తున్నాం. సూర్యాపేట దాటాక టీ తాగుదామని రోడ్డు పక్కన ఆగాం. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ తిరగలేదు. బానెట్ కింద నుంచి టకటకటక అని చప్పుడు, మీటరు బోర్డు మీద లైట్లన్నీ మసకబారడం, అంతే. రాత్రి తొమ్మిదిన్నర. వెనక సీట్లో నాన్నగారు. ఆయన పది గంటలకి వేసుకోవాల్సిన మాత్రలు అన్నం తిన్నాక వేసుకోవాల్సినవి, అన్నం ఇంటి దగ్గర ఉంది.

టీ కొట్టతను ఫోన్ చేస్తే దగ్గర్లోని మెకానిక్ బండి మీద ఒక బ్యాటరీ పెట్టుకుని వచ్చాడు. నేను అడిగింది ఒకటే ప్రశ్న: "మా బండికి సరిపోతుందా?" "సరిపోద్ది మేడం" అన్నాడు. 4,500 ఇచ్చాను. వారంటీ కార్డు లేదు, బిల్లు లేదు. దాని మీద తేదీ ఉందో లేదో కూడా చూడలేదు. ఆ రాత్రి ఇల్లు చేరాం కాబట్టి అతని మీద నాకు కోపం లేదు. కానీ ఆ బ్యాటరీ తర్వాతి సంక్రాంతి దాటలేదు, ఎనిమిది నెలలకే పోయింది.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. లెడ్ యాసిడ్ సెల్ ఎలా పనిచేస్తుందో బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. అయినా ఆ రాత్రి ఏమీ ఆలోచించలేకపోయాను. టెన్షన్‌లో ఎవరూ ఆలోచించలేరు. అందుకే అన్నిటికంటే ముందు ఈ మాట చెప్తున్నా: బ్యాటరీ చచ్చాక కొనకండి. చావబోతోందని తెలుసుకుని, తీరిగ్గా, పగటిపూట, దుకాణానికి వెళ్లి కొనండి. చావబోతోందని తెలుసుకోవడం మీరనుకున్నంత కష్టం కాదు.

ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే మా మరిది దగ్గర కూర్చుని నేర్చుకున్నవి, నా మీటరుతో నేనే కొలిచి చూసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మొదట బ్యాటరీని కాదు, బండిని చూడండి

సెల్ఫ్ బరువుగా తిరుగుతోందంటే తప్పంతా బ్యాటరీదే అనుకుంటాం. తప్పు మూడు చోట్ల ఉండొచ్చు: బ్యాటరీలో, దాన్ని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో (మన మెకానిక్‌లు డైనమో అనేది దీన్నే), లేదా బండి ఆగి ఉన్నప్పుడు దొంగచాటుగా కరెంట్ తాగేసే ఇంకేదో వస్తువులో. ఇది తేల్చుకోకుండా కొత్తది వేస్తే కొత్తది కూడా పోతుంది.

దీనికి కావాల్సింది ఒక డిజిటల్ మల్టీమీటర్. ఎలక్ట్రికల్ షాపుల్లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. డీసీ 20 వోల్ట్‌ల దగ్గర పెట్టి, ఎర్ర తీగ ప్లస్‌కి, నల్ల తీగ మైనస్‌కి ఆనించాలి. మూడు కొలతలు తీసుకోవాలి.

మొదటిది పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందు. రాత్రంతా కదలకుండా ఉండాలి. బండి ఇప్పుడే ఆపి కొలిస్తే అంకె అబద్ధం చెప్తుంది, ఎందుకంటే అప్పుడే ఎక్కిన చార్జ్ ప్లేట్ల పైపైన ఉంటుంది. 12.6 లేదా పైన వస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 అంటే దాదాపు అడుగంటినట్టు. బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి 2.1 వోల్ట్‌లు. ఆరూ కలిస్తే 12.6. లోపల ఒక సెల్ పోతే రాత్రంతా చార్జర్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతుంది. అలా ఆగితే ఇక ఆలోచించక్కర్లేదు, మార్చేయడమే.

రెండోది సెల్ఫ్ కొట్టేటప్పుడు. తాళం ఇంకొకరు తిప్పాలి, మీరు మీటరు చూడాలి. వోల్టేజ్ ఒక్కసారిగా పడి మళ్లీ లేస్తుంది. పదికి పైనే ఆగితే మంచిది. 9.6 కంటే కిందికి దిగిందంటే, పొద్దున 12.6 చూపించినా సరే, లోపల సత్తువ లేదని అర్థం. బండి ఈరోజు స్టార్ట్ అవుతుంది, రేపూ అవుతుంది. ఎల్లుండికి హామీ లేదు. నిండు కుండకి సన్నని కన్నం ఉంటే నీళ్లెలా వస్తాయో ఇదీ అంతే. పిల్లలకి ఇంటర్నల్ రెసిస్టెన్స్ అని చెప్పే పాఠం ఇదే.

మూడోది ఇంజన్ నడుస్తుండగా. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13.3 కంటే తక్కువైతే ఆల్టర్నేటర్‌నో, దాని బెల్ట్‌నో చూపించుకోండి. 15 దాటితే చార్జింగ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ పోయి బ్యాటరీని ఉడకబెడుతోందన్నమాట. ఇటీవలి కొన్ని కార్లలో కంప్యూటరే చార్జింగ్‌ని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. వాటిలో అంకె నిలకడగా ఉండదు, కంగారు పడకండి. లైట్లు, ఏసీ వేసి కాసేపు చూడండి.

ఈ మూడు అంకెలనీ నేను నెలకోసారి, మొదటి ఆదివారం, ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఒక్క నెల అంకె పెద్దగా ఏం చెప్పదు. నాలుగు నెలలవి పక్కపక్కన పెడితే బ్యాటరీ ఎటు వెళ్తోందో తెలిసిపోతుంది.

మీటరు పట్టే ముందు ఇంకో పని. టెర్మినళ్ల చుట్టూ తెల్లగానో, పచ్చటి నీలంగానో పొడి పేరుకుందేమో చూడండి. ఆ పొడి వల్ల కరెంట్ సరిగ్గా అందదు, మనం బ్యాటరీ పోయిందనుకుంటాం. క్లాంపులు విప్పి, వేడి నీళ్లలో తినే సోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి, బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాస్తే కొన్ని బళ్లు అక్కడికే బాగుపడతాయి. మా కాలేజీలో ఒక మేడం బండి అలాగే బాగుపడింది. కొత్త బ్యాటరీ కోసం డబ్బు తీసి పెట్టుకున్నారు, పది రూపాయల సోడాతో పని తీరింది.

మాకు జరిగింది

ఎనిమిది నెలలకే పోయిన బ్యాటరీ స్థానంలో 2020 జనవరిలో మంచి కంపెనీది, బిల్లుతో సహా కొన్నాను. రెండేళ్లు హాయిగా నడిచింది. 2022 వేసవి సెలవుల్లో పది రోజులు బండి తీయలేదు. తీసేసరికి మళ్లీ అదే టకటక. వారంటీ ఉంది కదా అని విప్పి తీసుకెళ్లబోతుంటే మా మరిది వచ్చాడు.

"వదినా, ఆగండి. బ్యాటరీ తప్పు కాకపోతే వాళ్లు చార్జ్ చేసి తిరిగిచ్చేస్తారు. ముందు కరెంట్ లీకేజీ చూద్దాం."

మైనస్ తీగ విప్పి, ఆ తీగకీ టెర్మినల్‌కీ మధ్య నా మీటరునే పెట్టాడు. మీటరులో ఎర్ర తీగని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చాడు. తలుపులన్నీ మూసి, తాళం వేసి, అరగంట కూర్చున్నాం. బండిలో ఉన్న చిన్న కంప్యూటర్లు నిద్రపోవడానికి ఆ మాత్రం టైం పడుతుందట. అలా ఉండగా ఎవరూ తాళం తిప్పకూడదు, తిప్పితే మీటరు ఫ్యూజ్ ఎగిరిపోతుంది. అరగంట తర్వాత మీటరు 0.31 చూపించింది. మామూలుగా 0.05 దాటకూడదు. మా మరిది ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. ఐదో ఫ్యూజ్ పీకగానే అంకె 0.02కి పడిపోయింది. అంతకుముందు దసరాకి నేను పెట్టించిన డాష్‌క్యామ్ ఆ ఫ్యూజుకి కలిపి ఉంది. బండి ఆపినా అది ఆగట్లేదు.

లెక్క చూడండి. మా బ్యాటరీ 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్), అంటే ఒక ఆంపియర్ చొప్పున సుమారు 35 గంటలు ఇవ్వగలదు. 0.3 ఆంపియర్ల చొప్పున తాగితే 116 గంటలు, ఐదు రోజులు కూడా నిండకుండా ఖాళీ. సెల్ఫ్ తిరగకపోవడానికి అంత ఖాళీ కూడా అవసరం లేదు. రోజూ కాలేజీకి వెళ్లొచ్చినప్పుడు ఎంతో కొంత చార్జ్ ఎక్కేది కాబట్టి బయటపడలేదు, సెలవుల్లో బయటపడింది. డాష్‌క్యామ్ తీగని తాళం తిప్పితేనే కరెంట్ వచ్చే ఫ్యూజుకి మార్చాం. బ్యాటరీని నెమ్మదిగా రాత్రంతా చార్జ్ చేశాం. అదే బ్యాటరీ 2024 దాకా వచ్చింది.

జీపీఎస్ ట్రాకర్, అదనపు హారన్, రంగుల లైట్లు, సౌండ్ సిస్టమ్, వీటిలో ఏది పెట్టించినా ఈ పరీక్ష చేయించండి. చేతకాకపోతే ఆటో ఎలక్ట్రీషియన్‌కి "లీకేజీ కరెంట్ చూడండి" అని చెప్తే చాలు, అతనికి అర్థమవుతుంది.

మన ఎండలు, వాళ్ల చలి

బ్యాటరీ చలికాలంలో మొరాయిస్తుంది, కానీ చచ్చేది ఎండాకాలంలో. పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. ప్లేట్లు తినుకుపోవడం కూడా ఆ చర్యల్లో ఒకటే. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మేలో 45 డిగ్రీలు దాటుతుంది. బానెట్ కింద ఇంకా ఎక్కువ. అందుకే మన దగ్గర మూడు నాలుగేళ్లు వస్తే బ్యాటరీ తన పని తాను చేసినట్టే. మూడేళ్లు నిండాక నెలనెలా కొలత తప్పనిసరి అనుకోండి. మార్చాల్సి వస్తే ఫిబ్రవరిలోనే, ఎండలు ముదరకముందే మార్చండి.

బ్యాటరీ మీద సీసీఏ అని ఒక అంకె ఉంటుంది. మైనస్ 18 డిగ్రీల చలిలో, 30 సెకన్ల పాటు, వోల్టేజ్ 7.2కి దిగకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పే అంకె అది. అమెరికాలో, కెనడాలో మంచు పడే ఊళ్లలో ఉన్న మనవాళ్లు బ్యాటరీ కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే. బెజవాడలో మనకి ఆ చలి లేదు. అయినా ఇది మనకీ పనికొస్తుంది. దుకాణాల్లో చేతిలో పట్టేంత టెస్టర్ ఉంటుంది. దాన్ని బ్యాటరీకి తగిలిస్తే ఇప్పుడు ఎంత సీసీఏ ఇవ్వగలదో అంచనా చూపిస్తుంది. 2024 ఫిబ్రవరిలో మా పాతదాని మీద 300 అని రాసి ఉంటే టెస్టర్ 174 చూపించింది. పొద్దున వోల్టేజ్ మాత్రం 12.5. వోల్టేజ్ ఒక్కటే చూసి ఉంటే ఇంకా బాగుందనే అనుకునేదాన్ని. చాలా దుకాణాల్లో ఈ పరీక్ష ఊరికే చేస్తారు, అడగండి.

సైజు

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. దుకాణానికి వెళ్లే ముందు బానెట్ ఎత్తి రెండు ఫోటోలు తీసుకోండి. ఒకటి బ్యాటరీ మీదున్న లేబుల్. రెండోది బంపరు ముందు నిలబడి, ప్లస్ ఎటు ఉంది, మైనస్ ఎటు ఉంది కనిపించేలా. కారుతో వచ్చిన పుస్తకంలో బ్యాటరీ వివరం ఉన్న పేజీ ఫోటో కూడా ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఇప్పుడున్న బ్యాటరీని ఎవరైనా తప్పుగా వేసి ఉండొచ్చు. సూర్యాపేట దాటాక మాకు వేసింది అలాంటిదే, మా బండికి ఉండాల్సిన దానికంటే చిన్నది.

లేబుల్ మీద కోడ్ ఉంటుంది. మాది 38బి20ఎల్. మొదటి 38ని చాలామంది 38 ఏహెచ్ అనుకుంటారు, కాదు. అది సామర్థ్యానికి ఇచ్చిన ఒక ర్యాంకు. బి అనేది వెడల్పు, ఎత్తులకి గుర్తు. 20 అంటే పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. చివరి ఎల్ అనేది ప్లస్ టెర్మినల్ ఏ వైపు ఉందో చెప్తుంది, దానికి జత ఆర్. అంతా ఒకటే అయి ఎల్ బదులు ఆర్ తెచ్చుకుంటే తీగ అందదు, లాగి బిగిస్తే తీగ దెబ్బతింటుంది. ఇది జపాన్ పద్ధతి. యూరప్ పద్ధతిలో డిన్ 44, డిన్ 60 అని ఉంటాయి, అక్కడ మాత్రం ఆ అంకె ఏహెచ్చే. రెండు పద్ధతుల బ్యాటరీలకి ఎత్తు, అడుగున బిగించే తీరు వేరు. ఒకదాని చోట ఒకటి కుదరవు.

టెర్మినళ్ల లావు కూడా చూడండి. సన్నవి, లావువి రెండు రకాలున్నాయి. సన్న టెర్మినల్‌కి లావు క్లాంప్ తగిలించి, మధ్యలో రేకు ముక్క దూర్చి సుత్తితో కొట్టే మెకానిక్‌లని చూశాను. అలా కొట్టనివ్వకండి. టెర్మినల్ కింద లోపలి అతుకు పగిలితే బయటికి ఏమీ కనపడదు, మూడు నెలలకి ఎక్కడో ఆపేస్తుంది.

"35 ఎందుకండీ, 45 వేసుకోండి, గట్టిగా ఉంటుంది" అని దుకాణంలో అంటారు. కొంచెం పెద్దది వేస్తే బండికి నష్టమేమీ లేదు, ట్రేలో కూర్చుని, పైన పట్టీ బిగిసి, బానెట్ రేకుకి టెర్మినల్ తగలకుండా ఉంటే. కానీ రోజూ మూడు కిలోమీటర్లు తిరిగే బండికి దానివల్ల పెద్ద లాభమూ లేదు. చిన్నది మాత్రం ఎప్పుడూ వద్దు. డీజిల్ బండికి అసలే వద్దు, దాని ఇంజన్ తిప్పడానికి బలం ఎక్కువ కావాలి.

సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ తనంతట తాను ఆగి, క్లచ్ తొక్కగానే మళ్లీ స్టార్ట్ అయ్యే బళ్లున్నాయి కదా, వాటికి మాటిమాటికీ స్టార్ట్ చేసినా తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీ వస్తుంది. పాతదాని మీద ఏ అక్షరాలుంటే ఆ రకమే వేయాలి. రేటు తక్కువని మామూలుది వేస్తే రోజుకి యాభై సార్లు సెల్ఫ్ కొట్టడం దానివల్ల కాదు. కొన్ని ఖరీదైన కార్లలో కొత్త బ్యాటరీ వేశామని కంప్యూటరుకి కూడా చెప్పాల్సి ఉంటుంది. అది సర్వీస్ సెంటర్ పనే. ఎలక్ట్రిక్ కార్లు కొన్నవాళ్లూ గమనించండి, చాలావాటిలో పెద్ద బ్యాటరీతో పాటు ఒక చిన్న 12 వోల్ట్‌ల బ్యాటరీ కూడా ఉంటుంది. అది పడుకుంటే బండి తాళం కూడా తియ్యదు.

కంపెనీ గురించి తక్కువ, తేదీ గురించి ఎక్కువ

ఏ కంపెనీ అని అందరూ అడుగుతారు. ఎక్సైడ్ కోల్‌కతా వాళ్లది, ఎస్‌ఎఫ్ సోనిక్ కూడా వాళ్లదే. అమరాన్ మన తిరుపతి దగ్గర కరకంబాడి అమరరాజా వాళ్లది. టాటా గ్రీన్ ఉంది. ఇలా పేరున్నవాటిలో ఏది తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు. మీ ఊళ్లో ఎవరి డీలరు దగ్గరగా ఉన్నాడు, వారంటీ అడిగితే మర్యాదగా మాట్లాడతాడా, ఇవి చూసి తీసుకోండి. నేను పట్టుబట్టేది తేదీ దగ్గర.

బ్యాటరీ షెల్ఫ్ మీద ఊరికే కూర్చున్నా చార్జ్ కారిపోతూనే ఉంటుంది. రేకుల షెడ్డులో, ఎండలో అయితే ఇంకా వేగంగా. చార్జ్ తగ్గి అలా వదిలేస్తే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. కొత్తలో మెత్తగా ఉన్నప్పుడు చార్జ్ చేస్తే కరుగుతుంది, ఆలస్యమైతే రాయిలా పట్టేసుకుంటుంది, ఆ మేరకు ప్లేటు పనికిరాకుండా పోయినట్టే. అంటే మీరు కొన్న రోజుకే అది సగం ముసలిదై ఉండొచ్చు. తయారైన నెల, సంవత్సరం కోడ్ రూపంలో పైన ముద్రించి ఉంటాయి. కంపెనీని బట్టి చదివే తీరు వేరు కాబట్టి "ఇందులో నెల ఏది, సంవత్సరం ఏది, చూపించండి" అని అడగండి. సిగ్గుపడక్కర్లేదు. మూడు నెలల లోపుదైతే బాగుంటుంది, ఆరు నెలలు దాటితే వేరేది అడగండి. తర్వాత మీ మీటరే తీసి కొలవండి. 12.5కి తగ్గకూడదు. 12.3 చూపించిన కొత్త బ్యాటరీని 2024లో నేను వద్దన్నాను. దుకాణం ఆయన "ఫిట్ చేశాక అదే ఎక్కుద్దమ్మా" అన్నారు. వేరే పెట్టె తెప్పించి ఇచ్చారు, 12.68 చూపించింది. ఐదు నిమిషాల పని.

పైన గుండ్రటి అద్దం కన్ను ఉండి ఆకుపచ్చగా కనిపిస్తే అంతా బాగున్నట్టే అనుకుంటారు. ఆ కన్ను ఆరు సెల్స్‌లో ఒక్కదాన్నే చూస్తుంది. మిగతా ఐదింటి గురించి దానికి తెలీదు.

పాత బ్యాటరీకి కొత్త స్టిక్కర్ అంటించి అమ్మేవాళ్లూ ఉన్నారు. టెర్మినళ్లు చూడండి. కొత్తవి గీతల్లేకుండా, ఒకే బూడిద రంగులో ఉంటాయి. క్లాంప్ బిగించిన గాట్లు ఉంటే ఎన్నడో వాడినది. మా మరిది ఇంకో పని చేస్తాడు, రెండు చేతులతో ఎత్తి చూస్తాడు. సీసం ఉన్న బ్యాటరీ దాని పరిమాణానికి అనుకున్నదానికంటే బరువుగా ఉంటుంది. ఒకే సైజులో రెండు రకాలుంటే పక్కపక్కన ఎత్తి చూడండి, తేడా చేతికే తెలుస్తుంది.

వారంటీ లెక్క

లేబుల్ మీద 24+24, 36+36 అని ఉంటుంది. దాన్ని 48 నెలలు, 72 నెలలు అని చదివి సంబరపడతాం. మొదటి అంకె వరకే ఊరికే మారుస్తారు. రెండో అంకె కాలంలో ఇచ్చేది తగ్గింపు మాత్రమే. ఆ తగ్గింపు ఎంఆర్‌పీ మీద లెక్కేస్తారు, మీరు నిజంగా కొనే రేటు మీద కాదు. ఉదాహరణకి ఎంఆర్‌పీ 6,000, బయట అమ్మే రేటు 4,800 అనుకుందాం. ముప్పయ్యో నెలలో పోతే 30 శాతం తగ్గింపు ఇచ్చారనుకోండి, మీరు 4,200 కట్టాలి. పాతది వాళ్లే తీసుకుంటారు. అదే పాతది మార్పిడికి ఇచ్చి కొత్తది బయట కొంటే కూడా ఇంచుమించు అంతే అవుతుంది. కాబట్టి 24+24కీ 36+12కీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను రెండోదే తీసుకుంటాను. మొత్తం ఒకటే, కానీ ఊరికే మార్చే కాలం ఏడాది ఎక్కువ.

బండిని ట్యాక్సీగా తిప్పుతుంటే వారంటీ నిబంధనలు వేరుగా ఉంటాయి, కాలం తగ్గుతుంది. ఆ సంగతి ముందే అడగండి. బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నంబరు, బండి నంబరు రెండూ రాయించండి. ఫోన్‌లో రిజిస్టర్ చేసే పద్ధతి ఉంటే దుకాణంలోనే, ఆయన ముందే చేయించండి. ఇంటికెళ్లాక చేద్దాం అంటే చెయ్యం. బిల్లు ఫోటో తీసి దాచుకోండి, ఆ ముద్రలు రెండేళ్లకి వెలిసిపోతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ 18 కనిపించాలి.

పాత బ్యాటరీని దుకాణంలోనే ఇచ్చేయండి. పాత సామాన్లవాడు వంద ఎక్కువిస్తానన్నా వద్దు. ఎక్కడో ఇళ్ల మధ్య పొయ్యి పెట్టి సీసం కరిగిస్తారు. ఆ పొగ, ఆ దుమ్ము పీల్చే పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇది పాఠంలో చెప్పి వదిలేసే విషయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీలని తిరిగి సేకరించి, పద్ధతి ప్రకారం రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి

విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. కారు ఒళ్లంతా మైనస్‌కే కలిపి ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతూ స్పానర్ పొరపాటున రేకుకి తగిలిందంటే నిప్పురవ్వలు లేస్తాయి, స్పానర్ ఎర్రగా కాలిపోవచ్చు. ముందు మైనస్ తీసేస్తే ఆ భయం లేదు. మీరే స్వయంగా చేస్తుంటే చేతికి గాజులు, ఉంగరాలు, గడియారం తీసేయండి. బంగారం మంచి కండక్టర్. ఉంగరం ప్లస్‌కీ రేకుకీ మధ్య ఇరుక్కుంటే వేలు కాలిపోతుంది. ఆ చోట సిగరెట్ గానీ, అగ్గిపుల్ల గానీ ఉండకూడదు, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది.

అన్నీ అయ్యాక బ్యాటరీని చేత్తో పట్టుకుని ఊపండి. కదలకూడదు. అడుగునో పైననో ఒక పట్టీ ఉంటుంది, తొందర్లో ఉన్న మెకానిక్‌లు ఆ బోల్టు బిగించకుండా వదిలేస్తారు. మన రోడ్ల గుంతల్లో వదులుగా ఉన్న బ్యాటరీ ఎగిరెగిరి పడుతుంటే ప్లేట్ల మీది పదార్థం రాలి అడుక్కి చేరుతుంది. క్లాంపులు కూడా చేత్తో తిప్పి చూడండి, తిరగకూడదు. గడియారం, కిటికీల ఆటో సెట్టింగ్ మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు, అది మామూలే.

కదిలే ముందు అక్కడే ఇంజన్ నడుపుతూ ఒకసారి వోల్టేజ్ కొలవండి, ఆ అంకె బిల్లు వెనక రాసుకోండి. వారం తర్వాత పొద్దున్నే మళ్లీ కొలవండి. వారంలోనే 12.4 కిందికి వచ్చిందంటే లీకేజీ ఉన్నట్టు, లేదా మీరు తిరిగే దూరం సరిపోవట్లేదు. ఇంటి నుంచి కాలేజీకి నాకు మూడు కిలోమీటర్లే, సెల్ఫ్ కొట్టి వాడుకున్నది తిరిగి నిండేలోపే దిగిపోతాను. అందుకే ఆదివారం కొలత అయ్యాక బండిని గన్నవరం వైపు హైవే మీద ముప్పావు గంట తిప్పి తెస్తాను. నాన్నగారు కూడా వస్తానంటారు. ఆయనని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, దారిలో ఇడ్లీ తినిపించి తీసుకొస్తాను. నా నోట్‌బుక్‌లో తారీఖు, మూడు అంకెలు ఆయనే రాస్తారు. పోయిన ఆదివారం 12.61, 10.4, 14.2.